దుఃఖితులకు విచారమార్గము జూపిన దాసుడు: ఎపిక్టీటసు చరిత్రము

మన దేశమున గృహస్థునకు మనస్సు చెడినప్పుడు అతడు పోవు చోట్లు మూడు. జ్యోతిష్కుని యిల్లు మొదటిది. గ్రహశాంతికై పురోహితుని పిలిపించుట రెండవది. ఈ రెంటివలనను కార్యము గాకున్న మఠమునకో తీర్థమునకో పోయి మంత్రోపదేశము పొందుట మూడవది. ఇంగ్లీషు చదువుకొన్నవారు ఈ త్రోవలను విడిచితిమని చెప్పుకొందురు గాని, బిడ్డకు జబ్బుచేసినప్పుడును వ్యాజ్యము తీర్పునకు వచ్చినప్పుడును జాతకము చంకబెట్టుకొని సందుత్రోవను పోవువారు వారిలోను కొదువగా లేరు. ఈ మూడు చోట్లలో నొక్కచోటనైనను ఆ దుఃఖితుని జూచి, అతడేమి తలచుచున్నాడనియు, ఎందువలన నట్లు తలచుచున్నాడనియు, ఆ తలపు నిజమగునా కాదా యనియు అడుగువారుండరు. అట్లడుగుటయే తన వృత్తిగా జేసికొని ముప్పది యేండ్లకు పైగా జీవించిన మహాపురుషుడొకడు పూర్వము గ్రీకుదేశమున నుండెను. ఆయన చరిత్రము నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఎపిక్టీటసు క్రీస్తుశకము 50వ సంవత్సర ప్రాంతమున చిన్న ఆసియాలోని ఫ్రిజియాదేశమున హైరాపొలిసు పట్టణమునందు జన్మించెను. ఆ పట్టణపు శిథిలములు నేడు తుర్కీదేశమున వేడినీటి యూటల చెంతను కానవచ్చుచున్నవి. ఈయన దాసుడు. గ్రీకుభాషలో ఎపిక్టీటసు అనగా సంపాదింపబడినదని యర్థము. అది మనుష్యునకు బెట్టదగిన పేరు గాదు. గొడ్డునకో గిన్నెకో తగిన పేరు. అయినను లోకము ఆయనను ఆ పేరుతోనే యెఱుగును.

ఈయనను కొన్న యజమానుడు ఎపాఫ్రొడైటసు అనువాడు. అతడును తొలుత దాసుడై, విడుదల పొంది, నీరోచక్రవర్తి కొలువులో గొప్ప పదవికి వచ్చినవాడు. దాస్యమనుభవించినవాడు దాసులయెడ దయగలిగి యుండునని మన మనుకొందుము. ఆ యనుమాన మీతనియందు ఫలింపలేదు. ఎపిక్టీటసు తరువాతి కాలమున శిష్యులకు జెప్పిన కథలలో నీ యజమానుని నడవడి రెండు మూడు చోట్ల వచ్చును. ఫెలీషియో యను చెప్పులుకుట్టు దాసుడొకడు పనికిమాలినవాడని అతడు వానిని అమ్మివేసెను. వాడు దైవవశమున చక్రవర్తి పరివారములోనివారికి అమ్ముడుపోయి, చక్రవర్తికే చెప్పులు కుట్టువాడయ్యెను. అంతట పూర్వయజమానుడే వానికి నమస్కరించి, క్షేమమడిగి, రాచకార్యములలో వాని యాలోచన గైకొనుచుండెనట. మఱియొకప్పుడు ఒక ధనికుడు ఎపాఫ్రొడైటసు మోకాళ్లు పట్టుకొని, తనకు పదునైదు లక్షల నాణెములు తప్ప మఱేమియు మిగులలేదని యేడ్చెను. వినినవాడు నవ్వలేదు, అయ్యో, ఇంత యాపద నెట్లు సహించి యూరకుంటివని పరామర్శించెను. దారిద్ర్యమనగా నేమియో యెఱుగని వీరిని జూచుచు గోడప్రక్క నిలిచియుండిన కుంటిదాసుని మనస్సులో నెట్టి విచారము పుట్టియుండునో చదువరులే యూహింపగలరు.

ఆయన కుంటివాడగుటకు రెండు కారణములు చెప్పుదురు. యజమానుడు కాలు మెలిపెట్టుచుండగా, విఱుగునని నెమ్మదిగా హెచ్చరించి, విఱిగిన పిమ్మట, నేను ముందే చెప్పితినిగదా యని మాత్రమే పలికెనని యొక కథ కలదు. వ్యాధిచేత కాలు చెడెనని మఱికొందఱు వ్రాసిరి. ఉపన్యాసకులకు మొదటి కథయం దెక్కువ ప్రీతి. తన కుంటితనమును గూర్చి పాఠములలో పలుమారు పరిహాసముగా మాటలాడిన ఎపిక్టీటసు, దానిని యజమానునిపై మోపినట్లు ఎక్కడను కానరాదు గనుక మేమా కథను నమ్ముటకు సంశయించుచున్నాము.

దాసుడై యుండగనే ఆయనకు మ్యూసోనియసు రూఫసు అను గురువు దొరకెను. ఈ గురువు మన పత్రికలు చదువువారు ప్రత్యేకముగా దెలిసికొనదగినవాడు. స్త్రీలకును పురుషులతో సమానముగా తత్త్వశాస్త్రము నేర్పవలెననియు, పుట్టిన శిశువులను వీధిలో బాఱవైచు దురాచారము పాపమనియు, భార్యకు విధించిన పాతివ్రత్యము భర్తకును విధియేయనియు ఆ కాలముననే బోధించినవాడు. నీరో యీయనను క్రీ. శ. 65లో గైయరసు అను రాతిదీవికి వెడలగొట్టెను. ఆయన మాటలాడుచుండగా ఎదుట కూర్చున్న ప్రతివాడును, నా తప్పు నెవరో యీయనకు జెప్పినారని తలచుచుండెనట. ఒకనాడు ఎపిక్టీటసు తర్కములో నొక మెట్టు విడిచి, గురువు కోపింపగా, నేనేమి దేవాలయమును తగులబెట్టితినా యని సమాధానము చెప్పెను. ఇక్కడ విడువబడిన మెట్టే నీకు దేవాలయమని గురువు మందలించెను. బుద్ధిలోని చిన్న తప్పును చిన్నదిగా నెంచరాదను నీతి ఆ శిష్యుని మనస్సున జన్మాంతము నిలిచెను. తరువాత ఆయన యితరులతో జేసిన సంభాషణములన్నిటికి నదియే పునాది.

విడుదల పొందిన పిమ్మట ఆయన రోములోనే బోధింప నారంభించెను. ఆయన యింటిలో గడ్డిపరుపును చాపయును దప్ప మఱేమియు లేనందున తలుపునకు తాళ మక్కఱలేకుండెనట. అప్పటి సంగతి నొకదానిని ఆయనయే నవ్వుచు జెప్పుచుండెను. సోక్రటీసు వలె తానును వీధిలో కనబడిన గొప్పవారిని నిలిపి, అయ్యా, తమ గుఱ్ఱములను ఎవరికప్పగించితిరి, ధనము నెవరికప్పగించితిరి, ఆత్మను ఎవరికప్పగించితిరి యని ప్రశ్నింప నారంభించెనట. రెండు ప్రశ్నలవఱకు వారు మర్యాదగా నుత్తరమిచ్చిరి. మూడవదానికి, నీకేమి పనియని కఱ్ఱయెత్తిరి. తానుగా వచ్చి యడుగనివానికి ఆలోచన చెప్పబోవుట వ్యర్థమని ఎపిక్టీటసు నాడు నేర్చుకొనెను. మన సంస్కర్తలలో కొందఱికి ఈ పాఠ మింకను తలకెక్కలేదని చెప్పక తప్పదు.

మొదటి శతాబ్దము ముగియు కాలమున డొమీషియను చక్రవర్తి తత్త్వవేత్తలనందఱిని ఇటలీనుండి వెడలగొట్టెను. ఎపిక్టీటసు సముద్రముదాటి గ్రీకుదేశపు పడమటితీరమునందలి నికోపొలిసు పట్టణము చేరెను. క్రీస్తుపూర్వము 31లో ఆక్టియము యుద్ధమున గెలిచినందుకు గుఱుతుగా ఆగస్టసు కట్టించిన పట్టణమది. ఇటలీనుండి గ్రీకుదేశమునకు బోవు ఓడలు ఆ తీరమున నాగుచుండెను గనుక అధికారులు, వర్తకులు, చదువుకొను బాలకులు ఆ దారిన బోవుచు ఆయనను జూడ వచ్చుచుండిరి. ఉదయము శిష్యులకు శాస్త్రపాఠము; అది ముగిసిన వెనుక వచ్చినవారితో సంభాషణము. ఈ సంభాషణములవలననే ఆయన పేరు నిలిచినది. తన పాఠశాల వైద్యశాల వంటిదని ఆయన యభిప్రాయము. అచ్చటినుండి పోవువాడు సంతోషముతో బోవుటకంటె కట్టుగట్టిన పుండు నొప్పితో బోవుట మేలని తలచెను.

ఒకనాడు ఒక అధికారి వచ్చెను. భార్యాబిడ్డలు కలరా యని అడుగగా, కలరు గాని వారివలన తనకు సుఖము లేదని చెప్పెను. కారణమేమన, కొలది దినముల క్రిందట తన కుమార్తెకు జబ్బుచేసి ప్రాణాపాయమని తోచినప్పుడు చూచుచుండలేక యిల్లువిడిచి పాఱిపోతిననియు, నెమ్మదించినదని వార్త వచ్చిన తరువాతగాని తిరిగి రాలేదనియు ఒప్పుకొనెను. అది సరియైన పనియని తోచినదా యని ఎపిక్టీటసు అడిగెను. తండ్రికి సహజమైన పనియని యతడనెను. ప్రేమ యెక్కువగుటచేతనే చూడలేకపోతినని వాదించెను.

ఇక్కడ ఆచార్యుడు అతనిని నిందింపలేదు, ఓదార్పను లేదు. మెల్లగా ప్రశ్నించెను. బిడ్డపై ప్రేమ మంచిదే కదా. వివేకమును మంచిదే కదా. రెండు మంచివస్తువులు ఒకదానికొకటి విరోధించునా? విరోధింపవని యతడొప్పుకొనెను. అట్లయిన జబ్బుపడిన బిడ్డను విడిచిపోవుట వివేకమా? కాదనెను. మఱి ప్రేమయా? ఆ బిడ్డను తల్లి ప్రేమింపలేదా? దాది ప్రేమింపలేదా? బడికి దీసికొనిపోవు సేవకుడు ప్రేమింపలేదా? ప్రేమించినవారందఱును ప్రేమయను హేతువుచేతనే తండ్రివలె లేచిపోయినచో, ఆ పసిపిల్ల తన్ను ప్రేమింపనివారి చేతులలో ప్రాణము విడువవలసినదే కదా? తానే జబ్బుపడినప్పుడు తనవారు తన్ను ఇట్లు ప్రేమింపవలెనని యతడు కోరునా? అతనికి ప్రత్యుత్తరము లేకపోయెను. అప్పుడు ఎపిక్టీటసు ప్రేమకును పాఱిపోవుటకును సంబంధము లేదనియు, చూచుట సహింపరానిదని అతడు తనలో చేసికొనిన నిశ్చయమే అతని కాళ్లను నడిపించినదనియు తేల్చెను. ఆ నిశ్చయము మారినచో పని మారును. మారనియెడల రేపు మఱల జబ్బుచేసిన మఱల పాఱిపోవును.

మన యిండ్లలో పురుషులు ఈ సంభాషణమును చదివి తమ్ము దాము పరీక్షించుకొందురు గాక. పురిటిగదియొద్దను రోగిమంచముచెంతను భారమంతయు స్త్రీలపై విడిచి, తమకు గుండె మెత్తనిదని చెప్పుకొనుచు వీధియరుగుమీద కూర్చుండు గృహస్థులు మనలో నెందఱు లేరు!

మఱియొకడు తన యన్న తనపై కోపముగా నున్నాడనియు, ఆ కోపము పోవు నుపాయము చెప్పుమనియు నడిగెను. అన్నను నాయొద్దకు దీసికొనిరమ్ము, అతని కోపమును గూర్చి అతనితో మాటలాడెదను. నీతో నైతే నీ మనస్సును గూర్చియే మాటలాడుదునని ఎపిక్టీటసు ప్రత్యుత్తరమిచ్చెను. అన్న యెన్నడును సమాధానపడకున్నను తాను మర్యాద తప్పకుండుట యెట్లో నేర్పుదుననెను. అది వెంటనే వచ్చునా యని అడుగగా, అత్తిపండైనను ఒక గడియలో పండదని చెప్పి పంపెను.

వీనికన్నిటికంటె కష్టమైన సందర్భమొకటి కలదు. ఆయన మిత్రుడొకడు ఏ హేతువును లేకయే ప్రాయోపవేశము చేసి ప్రాణము విడువ నిశ్చయించుకొనెను. మూడవనాడు ఈ వార్త విని ఎపిక్టీటసు స్వయముగా బోయెను. ఎందుకని యడుగగా, నిశ్చయించుకొంటినని మాత్రమే ఆ మిత్రుడు పలికెను. చేసిన నిశ్చయమునకు కట్టుబడవలెనను మాటను అతడు ఈ తత్త్వవేత్తల నోటనే వినియుండెను. కట్టుబడవలసినది సరియైన నిశ్చయములకే గాని యన్నిటికి గాదనియు, కుళ్లిన పునాదిపై గోడ యెంత గట్టిగా గట్టిన నంత త్వరగా గూలుననియు ఆయన వాదించెను. మిత్రుడు మిక్కిలి కష్టముమీద మనస్సు మార్చుకొనెను. ఆ నిశ్చయము యుక్తమైనదే యైనచో ప్రక్కనుండి సాయపడుదునని కూడ ఆచార్యుడు చెప్పియుండెను. ప్రాణము పరమేశ్వరుని సొత్తని నమ్మిన మాకు ఆ మాట సమ్మతము గాదు. కాని అడ్డుతగులుటకు శాపములను, నరకభయమును, బంధువుల యేడ్పులను దెచ్చుకొనక, మిత్రుని బుద్ధితోనే మాటలాడి బ్రదికించిన విధానమును మెచ్చక యుండలేము.

అందఱును ఇట్లు బాగుపడిరని తలచరాదు. రోమునకు వ్యాజ్యమునకై పోవుచు ఓడ ఆగినందున తొంగిచూచిన యొక పెద్దమనుష్యునితో, నీవు నన్ను జూడవచ్చినది శిలావిగ్రహమును జూడవచ్చినట్లేయని ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. నలుగురు శకునగాండ్రవద్దకు బోవువారినిగూర్చి కూడ ఆయన కటువుగా మాటలాడెను. మిత్రునికొఱకు ఆపద నెదుర్కొనవలసివచ్చినప్పుడు ధర్మమేదో తెలిసియుండియు పక్షి ప్రేవులను బరీక్షింప బోవువాడు, ధర్మమును తెలిసికొనుటకు గాక తన భయమునకు ముద్రవేయించుకొనుటకే పోవుచున్నాడని ఆయన నిర్ణయము. పక్షి ప్రేవులకు మాఱుగా పంచాంగము వ్రాసికొనిన ఈ మాట మనకును చెల్లును.

ఈ సంభాషణములన్నిటికి మూలమైన సిద్ధాంతము క్లుప్తమైనది. మన యాలోచన, కోరిక, సంకల్పము మన వశములోనివి. దేహము, ధనము, పేరు, ఇతరుల నడవడి మన వశములోనివి గావు. ఒక సంగతి జరిగినప్పుడు దానికిని మన దుఃఖమునకును నడుమ మన నిర్ణయమొకటి నిలిచియుండును. దుఃఖము పుట్టునది ఆ నిర్ణయమునుండియే. దానిని పైకిదీసి పరీక్షించుట సాధ్యము. గీతలోని స్థితప్రజ్ఞలక్షణములు చదివినవారికి ఈ మతము క్రొత్తగా దోచదు. భేదమేమన, మనవారు స్థితప్రజ్ఞుని వర్ణించి నమస్కరించిరి. ఎపిక్టీటసు వ్యాజ్యపువానిని, కోపిష్ఠిని, పిఱికితండ్రిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఆ దారిలో నడిపింప జూచెను. 1950 తరువాత అమెరికాలో ఆల్బర్టు ఎల్లిసు, ఆరను బెక్కు అను మనోవైద్యులు తమ చికిత్సావిధానములకు ఈ పురాతనుల మతము మూలమని యొప్పుకొనిరి. 1981లో జర్మనీదేశమున గెర్డు ఆఖెన్‌బాఖ్ అను పండితుడు, రోగులుగారు గాని మనోవ్యాకులత గలవారితో తత్త్వవిచారము జేయుటకై కార్యస్థానమొకటి తెఱచెను. ఫిలసాఫికల్ కౌన్సెలింగని నేడు పిలువబడుచున్న వృత్తి యట్లు వెలసినది. మనోరోగము వేఱు, మనోవ్యాకులత వేఱు; మొదటిదానికి వైద్యుడే కావలెనను విషయమును మఱువరాదు.

ఇక మాకు గల యాక్షేపణము. దాస్యమనుభవించిన ఈ మహాత్ముడు దాస్యమును తీసివేయవలెనని యెక్కడను బోధింపలేదు. నీళ్లు గోరువెచ్చగా తెచ్చెనని దాసునిపై కోపించు యజమానునితో, వాడును ఒకే తండ్రికి బుట్టిన సోదరుడని చెప్పెను. వెలయిచ్చి కొంటినని వాదించినవానిని, చచ్చినవారి చట్టములనే గాని దేవుని చట్టమును నీవు చూడవని మందలించెను. ఇంత జెప్పినవాడు మఱియొక యడుగు వేయవలసినది. వేయలేదు. దాసుడు తన మనస్సును స్వతంత్రముగా నుంచుకొన వచ్చునన్నంతతో నిలిచెను. బాలవితంతువుతోను అస్పృశ్యుడనబడినవానితోను మనస్సు సరిదిద్దుకొమ్మని చెప్పి మనము లేచిపోయినచో, అది ఆ అధికారి బిడ్డను విడిచి పాఱిపోయినట్లే యగును. వశములోనిది కానిదని యొక్కని యెదుట తోచునది పదుగురు చేరినప్పుడు వశములోనికి వచ్చును. సతీసహగమనము 1829లో మానుపబడినదియు, వితంతువివాహము 1856లో చట్టసమ్మతమైనదియు అట్లే.

ఆయన శిష్యుడైన ఆరియను, ఇండికా యను మన దేశవర్ణనములో, మెగస్తనీసు మాట నమ్మి, హిందువులందఱును స్వతంత్రులనియు వారిలో దాసులే లేరనియు వ్రాసెను. అది చదివి గర్వించువారు ఊరివెలుపలి పల్లెలవైపు ఒకసారి చూచి మఱి గర్వింతురు గాక.

మఱియొకటి. బిడ్డను ముద్దుపెట్టుకొనునప్పుడు ఇది మర్త్యమని మనస్సున దలపవలెనని ఆయన యుపదేశము. బిడ్డలను బోగొట్టుకొనిన తల్లి యీ వాక్యము నెట్లు వినునో ఆయన యెఱుగడనిపించును. దుఃఖమునకు కూడ తన కాలము కలదు. అయినను భక్తివిషయమున ఆయన మిక్కిలి సరసుడు. రోములో ఇంటిదేవతల కెదుట దీపము పెట్టుకొనుటవంటి కులాచారమును విడువకపోయినను, ఆయన నోట మాటిమాటికి వచ్చునది సర్వలోకపిత యొక్కడే. దున్నునప్పుడు, త్రవ్వునప్పుడు, భుజించునప్పుడు మనుష్యుడా తండ్రిని గానము చేయవలెననియు, కుంటిముసలినైన తనకు అంతకంటె వేఱుపని యేమున్నదనియు ఆయన చెప్పుచుండెను.

ఎపిక్టీటసు తన చేతితో నొక్క గ్రంథమైనను ప్రకటింపలేదు. ఆరియను విన్నది విన్నట్లు వ్రాసికొనిన యెనిమిది సంపుటములలో నాలుగు మాత్రమే నిలిచినవి. వానినుండి సంగ్రహించిన చిన్న పొత్తమొకటి కలదు. రస్టికసు అను నాతడు తన ప్రతిని మార్కసు అరీలియసునకు జదువనిచ్చెను; చక్రవర్తి తన స్వకీయ గ్రంథమున నందులకు కృతజ్ఞత దెలిపెను. దాసుని మాట చక్రవర్తికి గురువైనది. ఇంగ్లీషులో మొదట నీ గ్రంథములన్నిటిని భాషాంతరీకరించినది ఎలిజబెత్తు కార్టరు అను స్త్రీ, 1758లో. విశ్వవిద్యాలయపు గడప స్త్రీలకు మూయబడియుండిన కాలమున ఆమె యింటియందే గ్రీకుభాష నేర్చినది. ఆడుదానికి చదువెందుకని యడుగు మన బంధువుల కీ సంగతి వినిపింపదగును.

ఆయన పెండ్లియాడలేదు. అయినను డీమొనాక్సు అను తత్త్వవేత్తను పెండ్లియాడి వంశము నిలుపుమని ప్రోత్సహింపగా, సరియే, నీ కుమార్తెలలో నొకతె నిమ్మని యతడు పరిహసించెనని లూషియను వ్రాసియున్నాడు. ఇంటిలోని యినుపదీపమును దొంగ యెత్తుకొనిపోగా, ఇనుపదీపమును ఉంచుకొనుటచేతనే గదా పోయినదని తలచి, మఱునాడు మట్టిదీపమును గొనెను. ఆయన మరణానంతరము ఆ మట్టిదీపమును ఒకడు మూడువేల డ్రాక్మాలకు కొనెను. దాని వెలుతురులో చదివిన వివేకము దానంతట వచ్చునని ఆశించెనట.

క్రీ. శ. 135వ సంవత్సర ప్రాంతమున ఆయన దేహము చాలించెను. అంతకు ముందు, వార్ధక్యమున, మిత్రుడొకడు దారిద్ర్యముచేత తన శిశువును వీధిలో విడువబోవుచున్నాడని తెలిసి ఎపిక్టీటసు ఆ శిశువును తనయింటికి దెచ్చుకొనెను. అంతవఱకు నొంటరిగా గడిపిన ముసలివాడు బిడ్డకు పాలిచ్చి పెంచుటకై యొక స్త్రీని గూడ ఇంటికి బిలుచుకొనెను. ఈ సంగతిని సింప్లీషియసు వ్రాసియుంచెను.